ఉల్కను చూసినవాళ్లను ఎవరడిగారు?

రాత్రి ఆకాశంలో పెద్ద ఉల్కను చూశానని తిరుపతిలో ఎవరికైనా చెప్పి చూడండి. "వీడియో తీశావా?" అంటారు. తీయలేదంటే ఇక రెండో ప్రశ్న ఉండదు. శ్రీహరికోట రాకెట్ అయ్యుంటుందని ఒకరు, స్టార్‌లింక్ ఉపగ్రహాలేమోనని ఇంకొకరు తేల్చేస్తారు. మాట వేరేదాని మీదికి మళ్లిపోతుంది. ఏ వైపు నుంచి ఏ వైపుకు పోయింది, ఎంతసేపు కనిపించింది, తర్వాత చప్పుడేమైనా వచ్చిందా అని అడిగినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. సైన్సు చదువుకున్నవాళ్లు కూడా అడగరు.

ఉల్కల శాస్త్రం మొదలైందే ఈ ప్రశ్నలతో. వాటికి జవాబు చెప్పగలిగిన మనుషులు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రాత్రిపూట ఆకాశం కింద పని చేసేవాళ్లు వాళ్లు. మనం వాళ్లను సాక్షుల లెక్కలోకి తీసుకోం. నా గొడవంతా దీని గురించే.

నేను చూసింది పాకాల దగ్గర, మా మామ చెరకు తోటలో. కొన్నేళ్ల కిందట, డిసెంబరు నెల. అప్పట్లో బోర్లకు త్రీ ఫేస్ కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్లు. కరెంటు వచ్చిన వెంటనే పోయి స్టార్టరు వెయ్యాలి, మడవలు తిప్పుకుంటూ తెల్లారేదాకా కాపలా ఉండాలి. ఊరికే తోడుగా పోయినాను. మామ గెనిమ మీద కూర్చుని ఉన్నాడు, నేను నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి నేలమీద మా నీడలు కనిపించాయి. అమావాస్యకు దగ్గరి రోజులు, చంద్రుడు లేడు. ఆ నీడలు కదిలాయి కూడా. తల ఎత్తేసరికి ఆగ్నేయం నుంచి వాయవ్యానికి తెల్లటి వెలుగు ఒకటి పోతూ ఉంది. చివర్లో ఆకుపచ్చగా మారి, రెండు మూడు ముక్కలై ఆరిపోయింది. నాలుగైదు సెకన్లు ఉందేమో. అది పోయిన దారిలో సన్నటి పొగలాంటి గీత ఇంకాసేపు నిలిచింది.

నేను ఏదో అనబోతే మామ చెయ్యెత్తి ఆపాడు.

"మాట్లాడొద్దురా. ఉండు, సద్దు వస్తాది."

బీడీ వెలిగించుకున్నాడు. చుట్టూ నీళ్లు పారే శబ్దం తప్ప ఏమీ లేదు. ఏం సద్దు మామా అని అడగబోయాను, మళ్లీ చెయ్యెత్తాడు. బీడీ సగం పైన కాలినాక, దూరంగా క్వారీలో పేలుడు పెట్టినట్టు ఒక దెబ్బ, దాని వెనకే ఇంకోటి. నేల కాదు, గాలి అదిరినట్టు అనిపించింది.

"ఇది పెద్దదే. మీ తాత ఉన్నప్పుడు దీనికన్నా పెద్దది చూసినాం. ఆ పొద్దు ఎద్దులు కట్టుకొయ్యలు పీక్కోని పరిగెత్తినాయి."

"ఎవరికన్నా చెప్పినావా మామా?"

"ఎవరడిగినారు?"

ఆ రాత్రి నాకు ఉల్క కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఆ బీడీ. వెలుగు వచ్చిన కొన్ని నిమిషాలకు శబ్దం వస్తుందని ఆయనకు తెలుసు. చిన్నవాటికి రాదు, నీడలు పడేంత పెద్దవాటికి రావచ్చు అని కూడా తెలుసు. శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. సగం పైన బీడీ అంటే మూడు నిమిషాలనుకుంటే, ఆ పేలుడు జరిగిన చోటు మాకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఈ లెక్క ఆయన వెయ్యలేదు, అవసరం పడలేదు. కానీ లెక్కకు కావాల్సిన కొలత ఆయన దగ్గరుంది. ఏ పుస్తకంలోనూ చదవకుండా, చీకట్లో నీళ్లు కట్టుకుంటూ సంపాదించుకున్నది.

ఇట్లాంటివాళ్ల మాటను చదువుకున్న లోకం కొట్టిపారేయడం కొత్తేమీ కాదు. 1768లో ఫ్రాన్స్‌లో లూసే అనే ఊరి దగ్గర పొలంలో పని చేసుకుంటున్న కూలీలు ఒక రాయి ఆకాశం నుంచి పడడం చూశారు. పోయి చూస్తే సగం నేలలో దిగి ఉంది, వేడిగా ఉంది. విషయం పారిస్ సైన్స్ అకాడమీకి చేరింది. పరిశీలించిన ముగ్గురిలో లావోయిజే ఒకడు, ఆధునిక రసాయన శాస్త్రానికి ఆద్యుడని మనం బడిలో చదువుకున్న మనిషి. అది భూమి మీది రాయేనని, దానిమీద పిడుగు పడి ఉంటుందని వాళ్లు తేల్చారు. ఆకాశంలో రాళ్లు ఉండవు కాబట్టి ఆకాశం నుంచి రాళ్లు పడవు అన్నది అప్పటి పండితుల నమ్మకం. పొలంలో ఉన్నవాళ్లు కళ్లారా చూసింది ఆ నమ్మకం ముందు నిలవలేదు.

దాన్ని మార్చిన సంఘటనల్లో ఒకటి మన దేశంలో జరిగింది, ఎందుకో మనవాళ్లు పెద్దగా చెప్పుకోరు. 1798 డిసెంబరులో కాశీ దగ్గర క్రాఖుత్ అనే పల్లె ప్రాంతంలో రాత్రి పెద్ద నిప్పుగోళం కనిపించింది, ఉరుములాంటి చప్పుడు వచ్చింది, పొలాల్లో రాళ్లు పడ్డాయి. చూసినవాళ్ల దగ్గర వివరాలు సేకరించారు, రాళ్లు లండన్ చేరాయి. ఎడ్వర్డ్ హోవర్డ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వాటిని వేరే దేశాల్లో పడ్డ రాళ్లతో కలిపి పరీక్షించి 1802లో ఫలితాలు ప్రకటించాడు. ఎక్కడెక్కడో పడ్డ ఆ రాళ్లన్నీ ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి, అన్నింట్లోనూ నికెల్ ఉంది. మరుసటి ఏడాది, 1803 ఏప్రిల్ 26న, ఫ్రాన్స్‌లోనే లేగ్ల్ అనే ఊరి చుట్టూ మూడు వేల దాకా రాళ్లు కురిశాయి. ఈసారి ప్రభుత్వం తరఫున జాన్ బాప్టిస్ట్ బియో అనే యువ శాస్త్రజ్ఞుడు వెళ్లాడు. అతను చేసిన గొప్ప పని ఊరూరా తిరిగి అడగడం. రైతులను, కూలీలను, పాదిరీలను, ఒకరికొకరు పరిచయం లేనివాళ్లను అడిగాడు. ఎవరు ఏ ఊళ్లో ఉండి ఏ వైపు చూశారు, ఎక్కడ రాళ్లు దొరికాయి, అన్నీ రాసుకుని మ్యాపు గీశాడు. రాళ్లు పడిన ప్రదేశం పొడుగాటి కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. ఆకాశం నుంచి రాళ్లు పడతాయన్న మాట ఆ తర్వాతే పండితులకు మింగుడుపడింది.

శబ్దం సంగతి ఇంకా విచిత్రం. ఆలస్యంగా వచ్చే దెబ్బ సరే, దానికి భౌతికశాస్త్రంలో చిక్కేమీ లేదు. కానీ కొంతమంది ఉల్క కనిపిస్తున్నప్పుడే చర్రుమనో, చిటపటమనో వినిపించిందంటారు. పదుల కిలోమీటర్ల ఎత్తున ఉన్నదాని శబ్దం అదే క్షణంలో చెవికి చేరే వీలు లేదు. 1719 నాటి పెద్ద ఉల్క గురించి రాస్తూ ఎడ్మండ్ హేలీ, తోకచుక్క హేలీయే, ఆ మాటలను వట్టి ఊహగా కొట్టేశాడు. చాలాకాలం అదే తీర్పు. చూసినవాళ్లు మాత్రం తరం తర్వాత తరం అదే చెప్తూ వచ్చారు. 2017లో అమెరికాలోని శాండియా ప్రయోగశాల పరిశోధకులు, ఇంకొందరితో కలిసి, ఒక వివరణ ఇచ్చారు. చాలా కాంతిమంతమైన ఉల్క వెలుగు సెకనులో అనేకసార్లు మిణుకుమిణుకుమంటుంది. ఆ వెలుగు తగిలి ఆకులు, వెంట్రుకలు, బట్టలు లాంటి పలచని వస్తువులు అంతే వేగంగా వేడెక్కి చల్లబడతాయి, పక్కనున్న గాలి కంపించి సన్నటి శబ్దం పుడుతుంది. కాంతి వేగంతో వచ్చిన వెలుగు మన చెవి పక్కనే శబ్దాన్ని పుట్టిస్తోందన్నమాట. ఇదే ఆఖరి మాట అని నేననను. అయితే చెరకు తోటలో కూర్చున్నవాడు "ఆకులు చిటపటమన్నాయి" అంటే నవ్వే హక్కు ఇప్పుడు మనకు లేదు.

సాక్షి చెప్పిందంతా నిజమేనా అంటే, కాదు. అందరూ చెప్పే మాట ఒకటుంది: "అదిగో, ఆ కొండ వెనకాలే పడింది." చంద్రగిరిలో చూసినవాడు కోట వెనక కొండకు అవతల పడిందంటాడు, మదనపల్లెలో చూసినవాడు హార్సిలీ హిల్స్ వెనకాల అంటాడు. ఇద్దరూ చూసింది ఒకటే ఉల్క కావచ్చు. ఉల్కలు ఎక్కువగా నూరు కిలోమీటర్ల ఎత్తు అటూ ఇటూ వెలగడం మొదలుపెడతాయి. 80 కిలోమీటర్ల ఎత్తున ఉన్నది మనకు దిగంతం నుంచి 20 డిగ్రీల పైన కనిపించిందంటే, అది ఏ ఊరి నెత్తిన ఉందో ఆ ఊరు మనకు 200 కిలోమీటర్లకు పైగా దూరం. తిరుపతిలో నిలబడి పడమర వైపు చూసినవాడికి అది దాదాపు బెంగళూరంత దూరంలో ఉన్నట్టు. మన కళ్లు అంత దూరాన్ని కొలవలేవు. అయితే చూడండి, దూరం తప్పు చెప్పినా దిక్కు సరిగ్గానే చెప్తున్నాడు. ఫలానా కొండ, ఫలానా చెట్టు అని గుర్తు కూడా ఇస్తున్నాడు. రెండు ఊళ్ల నుంచి రెండు దిక్కులు దొరికితే అవి ఎక్కడ కలుస్తాయో గీసి చూసుకోవచ్చు. 1798లోనే జర్మనీలో బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అనే ఇద్దరు విద్యార్థులు కొన్ని మైళ్ల దూరంలో కూర్చుని, ఒకే ఉల్కను ఇద్దరూ చూసి రాసుకుని, ఈ పద్ధతితోనే వాటి ఎత్తు కట్టారు. వాళ్ల దగ్గరున్నది కళ్లు, గడియారం, నక్షత్రాల పటం.

"ఇప్పుడు యంత్రాలున్నాయి కదా, మనుషులెందుకు?" అంటారు. మంచి ప్రశ్నే, అందులోనూ మన దగ్గర అడగాల్సిన ప్రశ్న. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013 నుంచి ఉల్కల రాడార్ ఉంది. పాకాల నుంచి తిరుపతి వచ్చే దారిలో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, పై గాలిని పరిశీలించే అక్కడి ఎం.ఎస్.టి. రాడార్ 1990ల నుంచి పని చేస్తోంది. మా మామ తోటకు గాదంకి ఎంతో దూరం కాదు. ఉల్కల రాడార్ చేసే పని నాకు భలే నచ్చుతుంది. ఇసుక రేణువంత ధూళి గాలిలో కాలిపోతూ విద్యుదావేశం ఉన్న గీతను వదులుతుంది. రేడియో తరంగం ఆ గీతకు తగిలి వెనక్కి వస్తుంది. పై గాలి ఆ గీతను తోసుకుంటూ పోతుంది కాబట్టి, వెనక్కి వచ్చిన తరంగాన్ని బట్టి 80 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో తెలుస్తుంది. బెలూన్లు అంత ఎత్తుకు పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. మబ్బు పట్టినా, పట్టపగలైనా రాడార్‌కు అడ్డం లేదు. మనం ఒక్కటి చూసి మురిసిపోయే రోజున అది వేలల్లో పట్టుకుంటుంది.

కానీ దాని పని గాలిని కొలవడం. పెద్ద ఉల్క ఒకటి ముక్కలై ఏ చెరువు వెనక పడిందో చెప్పడానికి దాన్ని పెట్టలేదు. పెద్దవి అరుదు, ఎప్పుడొస్తాయో తెలియదు, ఎక్కడైనా రావచ్చు. అందుకే 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద 20 మీటర్ల వెడల్పున్న రాయి పేలినప్పుడు, దాని దారి గీయడానికి పనికొచ్చింది రోడ్ల మీద పోయే మామూలు కార్ల కెమెరాలు. ఆ రోజు వెలుగు చూసి కిటికీల దగ్గరికి పోయినవాళ్లకు, నిమిషం పైన గడిచాక దెబ్బ వచ్చి అద్దాలు పగిలి గాయాలయ్యాయి. సుమారు 1,500 మంది గాయాలకు వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది, ఎక్కువమందికి అద్దాల వల్లే. వెలుగు తర్వాత దెబ్బ వస్తుందని తెలిసిన మనిషి ఒక్కడు ప్రతి ఇంట్లో ఉండి "కిటికీ దగ్గర నిలబడొద్దు" అని ఉంటే! మా మామ అని ఉండేవాడు.

సాక్షులను అడగకుండా ముందే పేరు పెట్టేస్తే ఏమవుతుందో చిత్తూరుకు దక్షిణాన, సరిహద్దు అవతలే చూశాం. 2016 ఫిబ్రవరి 6న తమిళనాడులో నాట్రంపల్లి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో పేలుడు జరిగి ఒక బస్సు డ్రైవరు చనిపోయాడు. ఉల్క పడి మనిషి చనిపోయాడని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించేసింది. ప్రపంచమంతా ఆ వార్త తిరిగింది. ఫొటోలు చూసిన నాసా శాస్త్రజ్ఞులు, ఇది నేలమీద జరిగిన పేలుడులా ఉందన్నారు. ఒక కుటుంబం మనిషిని పోగొట్టుకుంది. ఆ విషాదం మీద ఆకాశం పేరు అంటించడానికి అంత తొందరేమిటో నాకర్థం కాలేదు.

దానికి తలకిందులైన సంగతి 2022 ఏప్రిల్ 2 సాయంత్రం జరిగింది. ఆ రోజు ఉగాది. మహారాష్ట్ర విదర్భలో వేలమంది మెల్లగా పోయే నిప్పుల వరుసను చూశారు, ఫోన్లలో తీశారు, ఉల్క అన్నారు. చంద్రాపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు, గోళాలు దొరికాయి. అది చైనా రాకెట్ భాగమని నిపుణులు గుర్తుపట్టారు. ఇక్కడ పనికొచ్చింది ఆ "మెల్లగా" అన్న మాటే. కక్ష్య నుంచి పడేవి సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లోపు వేగంతో, పక్కవాడిని పిలిచి చూపించేంత సేపు పోతాయి. ఉల్కల వేగం 11 నుంచి 72 కిలోమీటర్ల దాకా ఉంటుంది, చాలావరకు సెకన్లలో అయిపోతాయి. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ మనకు తూర్పున కింది నుంచి పైకి, నిమిషాల తరబడి పోతుంది. కాబట్టి "ఎంతసేపు?" అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే రాకెట్టా, అంతరిక్షం నుంచి పడే చెత్తా, ఉల్కా అన్న తగాదా చాలావరకు తీరిపోతుంది.

ఇక నమ్మకాల సంగతి. మా అవ్వ చుక్క రాలితే "ఎవురో పెద్దమనిషి పోయినాడు" అనేది. వరాహమిహిరుడు బృహత్సంహితలో, స్వర్గంలో పుణ్యఫలం అనుభవించి కిందికి పడేవాళ్ల రూపాలే ఉల్కలన్నాడు. కానీ అదే అధ్యాయంలో వాటిని ఐదు రకాలుగా విడదీశాడు: తోక ఉందా, ఎంత పొడుగు, చప్పుడు చేస్తుందా, రంగేమిటి. పిడుగును కూడా అందులోనే కలిపాడనుకోండి. అయినా ఆ వివరాలు ఆకాశాన్ని చూసినవాళ్లు చెప్పినవి. శకునం నమ్మేవాళ్ల మీద సైన్సు వైపువాళ్లకు ఉన్నంత కోపం నాకు లేదు. "ఎవరో పోయారు" అన్నా, "వట్టి ధూళి కాలడం, అందులో ఏముంది" అన్నా, రెండూ చూసినవాడి నోరు మూయించే మాటలే. నిజం చెప్పాలంటే అవ్వే కాస్త నయం, ఎక్కడ చూసినావురా అనైనా అడిగేది.

రాత్రి ఆకాశం కింద ఉండేవాళ్లంటే రైతులొక్కరే కాదు. మదనపల్లె మార్కెట్‌కు టమోటా లారీలు తోలేవాళ్లు, తెల్లవారుజామున పాలు పోయడానికి సెంటరుకు పోయేవాళ్లు, మామిడి తోటల కాపలాదారులు, మెట్ల దారిన కొండెక్కే భక్తులు, ధనుర్మాసంలో కొండమీద తిరుప్పావై మొదలయ్యే వేళకు లేచి వాకిట్లో ముగ్గు పెట్టే ఆడవాళ్లు. వాళ్లు ఎక్కువ ఉల్కలు చూడడానికి అదృష్టంతో పని లేదు. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. సాయంత్రం మనం ఆ ప్రయాణానికి వెనక వైపున ఉంటాం, అర్ధరాత్రి దాటాక ముందు వైపుకు తిరుగుతాం. ఎదురొచ్చే ధూళి ముందు వైపుకే ఎక్కువ తగులుతుంది. పైగా జెమినిడ్ అనే ఏటా వచ్చే ఉల్కల జల్లు డిసెంబరు 13, 14 రాత్రుల్లో బాగా ఎక్కువ, ధనుర్మాసం మొదలయ్యే ముందే. మిద్దెల మీద పడుకునే రోజుల్లో టౌనువాళ్లకూ ఇందులో వాటా ఉండేది. ఏసీలు వచ్చాక అది పోయింది. తిరుపతిలో వీధిదీపాల వెలుగు ఎక్కువని ఫిర్యాదు చేస్తాం గానీ, నీడలు పడేంత ఉల్కకు వీధిదీపాలు అడ్డం కావు. మనం బయట ఉండాలి, అంతే.

కాబట్టి నేను అడిగేది చిన్న పని. మీ ఊళ్లో ఎవరైనా పెద్ద చుక్క రాలిందని చెప్తే, వీడియో సంగతి తర్వాత, వాళ్లు నిలబడిన చోటికే తీసుకుపోయి అడగండి. ఏ చెట్టు పక్కన మొదలైంది, ఏ కొండ దగ్గర ఆరిపోయింది, చేత్తో చూపించమనండి, ఫోన్లో దిక్సూచి పెట్టి రాసుకోండి. టైము, రంగు, ముక్కలైందా, చప్పుడు వచ్చిందా, వస్తే ఎంతసేపటికి. అంతర్జాతీయ ఉల్కల సంస్థ వెబ్‌సైట్‌లో ఇవి నమోదు చేసే ఫారం ఉంది, ఎవరైనా నింపొచ్చు. ఇంగ్లీషు వచ్చినవాళ్లం, వాళ్ల తరఫున నింపడానికి పది నిమిషాలు పట్టదు. పెట్రోలు బంకుల్లో, టోల్ ప్లాజాల్లో, గుడి గోపురాల దగ్గర సీసీ కెమెరాలు ఉంటాయి. పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేస్తుంది కాబట్టి అడిగేదేదో ఆ వారంలోనే అడగాలి.

మా మామకు ఇదంతా చెప్తే "ఫారం నింపితే ఏమిస్తారు?" అన్నాడు. ఏమీ ఇవ్వరన్నాను. "మరి రాయి దొరికితే?" అన్నాడు. అది మంచి ప్రశ్న. 2022 ఆగస్టు 17న గుజరాత్‌లో దియోదర్ దగ్గర రాంటిలా అనే పల్లెలో వేపచెట్టు కొమ్మ విరుచుకుంటూ రాయి పడితే, ఊరివాళ్లు ముక్కలు ఏరి దాచారు. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రజ్ఞులు పరీక్షిస్తే, అది ఆబ్రైట్ అనే చాలా అరుదైన రకమని తేలింది. ఆ రకం మన దేశంలో అంతకు ముందు పడింది 1852లో, ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ అనే చోట. ఆ ముక్కలు దాచి ఇవ్వకపోయి ఉంటే ఆ సంగతే తెలిసేది కాదు. మన దేశంలో ఉల్కరాళ్ల సంరక్షణ బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది, దొరికితే వాళ్లకు చెప్పాలి. కొత్తగా పడ్డ రాయికి పైన పలచగా కాలిన నల్లటి పొర ఉంటుంది, చాలా రకాలకు అయస్కాంతం అంటుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూడాలని మనసు లాగుతుంది గానీ పెట్టకండి, రాయిలో దాగిన పాత అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి. కడగకండి. శుభ్రమైన కవర్లో పెట్టండి. మన ఊళ్ల సంగతి నాకు తెలుసు కాబట్టి ఇంకో మాట: పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టేముందు, అది పడిన గుంతను, పక్కన ఒక స్కేలునో అగ్గిపెట్టెనో ఉంచి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసిపెట్టండి.